మలుగు పుట్టింటి దారి

మీ ఊరి ఏటికి అడ్డంగా గోడ లేచిన రోజున, ఆ గోడ ఎవరి దారిని మూసిందని మీరు ఎవరినైనా అడిగారా?

అడిగి ఉండరు. గోడ అంటే నీళ్లు, నీళ్లంటే పంట, పంట అంటే మేలు అని మనకు చిన్ననాడే కంఠతా వచ్చేసింది. కంఠతా వచ్చినదాన్ని మళ్లీ ఎవరు ఆలోచిస్తారు? ఆ ప్రశ్న అడిగిన మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆమె పేరు నాగులమ్మ.

పుత్తూరుకు తూర్పున కొండల సందున పుట్టి ఆరణి ఏట్లో కలిసే ఎర్రవాగు ఒడ్డున ఆమె పాళెం. పాళెం అంటే ఈతాకు కప్పిన యానాది గుడిసెల గుంపు, అంతే. భర్త సుబ్బన్న మామిడితోటకు కావలి. ఆమె వాగులో చేపలు పడుతుంది, కోతల కాలంలో కూలికి పోతుంది, మిగిలిన వేళల్లో కనబడినవాళ్లను ప్రశ్నలడుగుతుంది. పొట్టి మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడదు, చేతులు చూస్తుంది. ముఖం అబద్ధం చెబుతుందనీ, చేయి చెప్పదనీ ఆమె సిద్ధాంతం.

న్యాయశాస్త్రం చదివినవాళ్లకు దారి హక్కు కొత్త మాట కాదు. మనిషి నడిచే బాటకు హక్కు ఉంది. ఎద్దుబండికి ఉంది. పై పొలంలో పడిన వాననీరు కింది పొలంలోకి జారే దారికి కూడా ఉంది. దాన్ని అడ్డగించిన వాణ్ణి కోర్టుకు ఈడ్వవచ్చు. కానీ ఆ నీటిలో బతికే ప్రాణికి మాత్రం ఏ హక్కూ లేదు. ప్లీడరునైన నేను ఈ సంగతి చెప్పినప్పుడు నాగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"బండికి దోవ ఉండాది, బండిలో కూసున్నోడికి లేదు. బాగుండాది మీ సట్టం!"

ఆమె అడుగుతున్నది మలుగు గురించి. మలుగు పాము వంటి చేప. పొలుసు కంటికి ఆనదు, ఒళ్లంతా జిగురు, పట్టుకుంటే పట్టు తప్పించుకుని జారిపోతుంది. సరిహద్దున తమిళం మాట్లాడేవాళ్లు విలాంగు అంటారు. మడుగుల్లో, రాతి సందుల్లో ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఒక కార్తీకంలో తుపాను వానకు వాగు ఎర్రగా పొంగిన వేళ, కడుపు వెండిరంగు తిరిగి, తిండి మాని, దిగువకు బయలుదేరుతుంది. ఆరణి ఏటి వెంట పోయి, పులికాట్ ఉప్పునీళ్లు దాటి సముద్రంలో కలుస్తుంది. కొన్నాళ్లకు దారపుపోగుల వంటి పిల్లలు అదే దారిన ఎదురెక్కి వస్తాయి.

యానాదులు దీన్ని మరింత చక్కగా చెబుతారు. మలుగు వాగుకు కోడలు, సముద్రానికి కూతురు. ఎర్రనీళ్లు రాగానే తొలికాన్పుకు పుట్టింటికి బయలుదేరుతుంది. పుట్టింటికి పోయే ఆడపిల్లను దారిలో ఆపేవాడు మనిషే కాడు. అందువల్ల ఆ నీళ్లలో బుట్ట వేయరు, గాలం వేయరు. పాళెంలో పెద్ద ఆడమనిషి మోకాటి లోతుకు దిగి, గుప్పెడు పసుపు నీళ్లలో చల్లి, పోయిరమ్మని సాగనంపుతుంది. మిగిలిన కాలమంతా మలుగు తినే చేపే. అందులోనూ బాలింత చేప. కాన్పయిన ఆడదానికి మలుగు పులుసు పోయకపోతే పాలు పడవని వాళ్ల నమ్మకం. పాళెంలో పుట్టిన ప్రతి బిడ్డా మొదట తాగింది ఆ పులుసు పాలే.

నాగులమ్మ తల్లి ఆ పసుపు చల్లేది. ఆమె పోయాక ఆ పని నాగులమ్మకు వచ్చింది. ఆమె చేతికి వచ్చిన కొన్నాళ్లకే, డెబ్బైల మొదట్లో, వాగుకు అడ్డంగా రాతి ఆనకట్ట లేచింది. మనిషి నిలువుకు రెట్టింపు ఎత్తు. అడుగున తూము, తూముకు ఇనుప తలుపు.

మొదట్లో ఎవరికీ తేడా తెలియలేదు. ఎగువ మడుగుల్లో అప్పటికే పెరిగిన మలుగులు ఉన్నాయి కదా! నాగులమ్మ ఒక్కతే మగనితో అన్నది:

"పెద్దవి ఉండాయి, నడివి ఉండాయి. పిలకాయలు యాడ? ముసలోళ్లు తప్ప పిలకాయలు లేని ఊరు ఏమవుతాది సెప్పు?"

"సల్లగా ఉంటాది, గొడవుండదు," అన్నాడు సుబ్బన్న. అతని తత్వం అది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ప్రశ్నలకు అతను ఇలాగే అడ్డదిడ్డంగా జవాబులు చెబుతున్నాడు, ఆమె మానలేదు.

గోడ దగ్గర నిలబడి చూడటం కూడా ఆమెకు తేలిక కాదు. యానాదులకు నేరస్తుల జాతి అని ముద్ర వేసిన చట్టాన్ని ఎప్పుడో రద్దు చేశారు. ఆ చట్టం నేర్పిన చూపును రద్దు చేసే ఉత్తర్వు మాత్రం ఇంతవరకు ఎవరూ జారీ చేయలేదు. పొద్దు వాలాక యానాది మనిషి ఆనకట్ట మీద కనబడితే ఇనుప తలుపు దొంగిలించడానికే వచ్చాడని ఊరు తీర్మానిస్తుంది. కనుక ఆమె చేసినదంతా పగలే, నలుగురూ చూస్తుండగానే చేసింది. ఆ పట్టుదల చివరకు ఆమెకు మేలే చేసింది. ఏం చేసినా సాక్షులు ఉన్నారు.

ఎనభైలో కరువు. కార్తీకంలో ఒక్క వాన గట్టిగా పడింది. వాగు ఎర్రబారి గోడ నడుముదాకా లేచి అక్కడే ఆగింది. గోడ మీదుగా పొర్లి ఉంటే మలుగులు ఆ నీళ్లతోపాటే దిగువకు దూకేవి. పొర్లలేదు. మర్నాడు ఉదయం నాగులమ్మ గోడ మీంచి చూసింది. వెండికడుపుల పెద్ద మలుగులు గోడ వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాయి, తలుపు వేసి ఉన్న ఇంటి ముందు తిరిగినట్టు.

ఆయకట్టు రైతుల పెద్ద గురప్ప అప్పటికే గట్టు మీద ఉన్నాడు. పక్కన తూము కాపలా చూసే లస్కరు ఆదిమూలం.

"సామీ, ఒక్క పూట తూము తలుపు లేపితే సాలు. పొయ్యేటివి పోతాయి," అన్నది నాగులమ్మ.

గురప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏమ్మే, నీకు మతుండాదా? ఏండ్ల తరబడి మొగం సూపించని నీళ్లు ఈ పొద్దు వచ్చినాయి. నీ పాముకు పుట్టిల్లుంటే నా నారుమడికి యాడుండాది పుట్టిల్లు? ఈ గోడే గదా!"

"అరపూట సామీ."

"అరపూటా లేదు, అరగడియా లేదు. తలుపు ముట్టుకుంటే ఉద్యోగం ఉండదని ఆదిమూలానికి ముందే సెప్పినాను. ఏమప్పా?"

ఆదిమూలం బీడీ ముట్టించాడు.

గురప్ప నవ్వాడు. "అయినా నాగులమ్మవు గదా నువ్వు, పాములన్నీ నీకు సుట్టాలే. ఎత్తి సంకన పెట్టుకొని దాటించు పో! ఎవురొద్దన్నారు?"

అతను వెక్కిరించాడు. ఆమె దాన్ని అనుమతిగా తీసుకుంది. ఎదుటిపక్షం నోరు జారిన మాటను అంత వేగంగా పట్టుకున్న ప్లీడరును నేను ఏ కోర్టులోనూ చూడలేదు. గురప్పది అన్యాయమని కూడా నేను అనను. నారు ఎండిపోతున్న రైతు నీటిని వదులుకోడు. కానీ ఒకరి నీటి కోసం కట్టిన గోడ మరొకరి ప్రాణానికి అడ్డమైనప్పుడు, ఇద్దరినీ కూర్చోబెట్టి అడగవలసిన వ్యవస్థ ఎక్కడ ఉంది? ఆ పూట ఎర్రవాగు గట్టు మీద అయితే లేదు.

మధ్యాహ్నానికి పాళెంలోని ఆడవాళ్లందరూ కుండలూ బుట్టలూ పట్టుకుని వాగులో దిగారు. గోడ మూలలకు తరిమి, బుట్టలతో ఎత్తి, కుండల్లో వేసుకుని, గట్టు చుట్టి దిగువ గుంటకు మోయడం పని. తీరా ఎత్తబోయే ముందు ఒక ముసలామె అడ్డం నిలిచింది.

"పసుపో?"

"నీళ్లలో సల్లుదాం," అన్నది నాగులమ్మ.

"బిడ్డ దూరాన పోతా ఉంటే నీళ్లలో సల్లితిమి. ఈ పొద్దు బిడ్డ సేతిలోనే ఉండాది. సేతిలో ఉన్న ఆడబిడ్డకు పసుపు పుయ్యకుండా సాగనంపే ఇల్లు యాడన్నా ఉండాదా?"

అది ఎవరికి తప్పుగా తోస్తుంది? నాగులమ్మకు మనసు పొంగింది. తరతరాలుగా దూరం నుంచి దండం పెట్టిన చేప ఇప్పుడు చేతిలోకి వచ్చింది. పసుపు నూరారు. ఒక్కొక్క మలుగునూ ఇద్దరు పట్టుకుని, తల నుంచి తోక దాకా పసుపు రుద్ది, నుదుటన కుంకుమ పెట్టి, కుండలో దించారు. ఆడవాళ్లు పాడుతూ మోశారు. గట్టు మీద ఆదిమూలం బీడీ పారేసి లేచి నిలబడ్డాడని తరువాత ఎవరో చెప్పారు. దిగువ గుంటలో వదిలిన ప్రతి చేపకూ నాగులమ్మ పోయిరమ్మని చెప్పింది.

తెల్లవారి చూస్తే గుంట నిండా తెల్లటి కడుపులు.

పాళెం అంతా గట్టు మీద నిలబడిపోయింది. దిష్టి అన్నారు, గురప్ప నోటి చలువ అన్నారు, గోడకు బలి అన్నారు. నాగులమ్మ నీళ్లలోకి దిగి ఒక చేపను చేతిలోకి తీసుకుంది. అది జారలేదు. మలుగు చేతిలో జారకుండా నిలవడం ఆమె ఎరిగినది ఒక్క చోటనే, వంటింట్లో. పులుసు వండబోయే ముందు మలుగుకు బూడిద రుద్దుతారు. జిగురు పోతేగానీ కత్తి నిలవదు. నీళ్లలో ఉన్నంతకాలం ఆ జిగురే దాని చర్మానికి కాపు. ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. పసుపు ఇంకా వదలలేదు. గోళ్ల సందుల్లో జిగురు పొరలుగా పట్టి ఉంది.

"నేను పుట్టింటికి పంపలేదు మేయ్," అన్నది పక్కనున్న ఆడవాళ్లతో. "పులుసుకు కడిగినాను."

సుబ్బన్న ఏదో ఒకటి అనకపోతే బాగుండదని, "పోనీలే, పసుపు కుంకాలతో పోయినాయి, ముత్తయిదు సావు," అన్నాడు. చేతిలోని ఖాళీ బుట్ట అతని మీదికి విసిరి ఆమె గట్టెక్కి వెళ్లిపోయింది. అంతవరకు ఆమె మగని మీద ఏదీ విసరలేదట. ఆ మాట సుబ్బన్నే నాకు గొప్పగా చెప్పాడు.

ఆ వారంలో ఊళ్లో ఆమె పేరు పసుపు నాగులమ్మ అయింది. గురప్ప మనుషులు ఎదురైతే "మా చెరువులో కొరమీనులున్నాయి, పుట్టింటికి పంపిస్తావా?" అని అడిగేవారు. పాళెంలో కూడా, ఇక చాలు, మన చెయ్యి తగిలితేనే చస్తున్నాయి అన్న మాట లేచింది. ఇంకెవరైనా అక్కడితో మానుకునేవారు. ఆమె చచ్చిన మలుగొకటి ఈతాకులో చుట్టుకుని పుత్తూరు బస్సెక్కింది. వాసనకు కండక్టరు సగం దారిలో దించేస్తే మిగిలిన సగం నడిచింది. అక్కడ మేము కొందరం కొత్త ప్లీడర్లం నడుపుతున్న ఉచిత న్యాయ శిబిరంలోకి వచ్చి, బల్ల మీద ఆకుకట్ట విప్పింది.

"ఇది ఎట్ల బతుకుతాదో తెలిసినోళ్లు కావాల. నాకు తిండానికి తెలుసు, మొక్కేదానికి తెలుసు. సాకేదానికి తెలీదు."

అంత సూటిగా తన అవసరం చెప్పిన కక్షిదారు నాకు ఆ తరువాత కూడా తటస్థపడలేదు. తిరుపతిలో జంతుశాస్త్రం బోధించే ప్రసూనాంబ గారి దగ్గరకు ఆ సాయంత్రమే వెళ్లాం. ఆమె చేపను చూసి ముక్కు మూసుకోలేదు. అది నాగులమ్మ పెట్టిన మొదటి పరీక్ష, అందులో ప్రసూనాంబ నెగ్గారు. కడుపు కోసి చూపించారు. పేగు ముడుచుకుపోయి ఖాళీగా ఉంది.

"పుట్టింటికి పొయ్యేదానికి ఆకలి యాడుంటాది?" అన్నది నాగులమ్మ.

"నిజమే, తిండి మానేసింది. మీ వాళ్లు సరిగ్గానే చూశారు," అన్నారు ప్రసూనాంబ. "అయితే అక్కా, ఒక మాట చెప్పాలి. కాన్పుకు వెళ్లిన మలుగు తిరిగి రాదు," అన్నారు.

"తల్లి రాదా?"

"రాదు. గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పిల్లలే వస్తాయి."

"దోవ సెప్పేవాళ్లు?"

"ఎవరూ ఉండరు. సముద్రంలో మన మలుగులు ఏ చోట గుడ్లు పెడతాయో కూడా చూసినవాళ్లు లేరు. నాకూ తెలియదు."

నాగులమ్మ ప్రసూనాంబ చేతుల వైపు చూసింది. పోయిరా అని ఇన్నేళ్లుగా చెప్పిన మాటలో రావడం అనేదే లేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"తల్లి లేని పిలకాయలు అంత దూరం వచ్చి, గోడ కాడ నిలబడతాయన్న మాట," అన్నది.

"గోడ దగ్గరకు వస్తున్నాయా? చూశారా?"

"సూడలే."

"అయితే ముందు చూడాలి కదా!"

చూశారు. ఆ చలికాలమంతా పాళెం ఆడవాళ్లు వంతులు వేసుకుని, పొద్దుపొడుపునా పొద్దుగుంకే ముందూ గోడ కింద కూర్చున్నారు. వీలైన ఆదివారాలు ప్రసూనాంబ వచ్చేవారు. అంతవరకు చేపను పట్టడానికి పొంచి ఉన్నవాళ్లు, పట్టకుండా పొంచి ఉండటం నేర్చుకున్నారు. అది వినడానికి చిన్న సంగతి, చేసి చూడండి.

మాఘంలో కనబడ్డాయి. గోడ ఉత్తరపు మూల ఒక రాతి అతుకు నుంచి నీరు ఊరుతుంది. అక్కడ పాచి పట్టింది. ఆ తడి పాచి మీద, గాజుదారాల వంటి పిల్లలు, ఒకదాని మీద ఒకటి, పొట్టతో అంటుకుని పైకి పాకుతున్నాయి. మనిషి నడుము ఎత్తు దాకా పాచి ఉంది. ఆపైన పొడిరాయి. అక్కడిదాకా వచ్చినవి ఆగి, ఎండి, రాలిపోతున్నాయి. రాలినవాటిని కొంగలు ఏరుకుంటున్నాయి. మొదట చూసిన ఆడమనిషి కేకేయలేదు, కదిలితే రాలిపోతాయేమోనని. అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తడి ఉన్నంత మేర ఎక్కుతున్నాయి. కాబట్టి తడిని పైదాకా తీసుకుపోవాలి. ఎట్లా? ప్రసూనాంబ సిమెంటు మెట్ల గురించి చెప్పారు. దానికి అనుమతులు కావాలి, వాటికి ఏళ్లు పడతాయని నేను చెప్పాను. దారి చూపింది నాగులమ్మ ఇంటి దీపం. వత్తి నూనెను పైకి పీల్చగా లేనిది, గడ్డితాడు నీటిని కిందికి పీల్చదా? వరిగడ్డితో లావుపాటి తాళ్లు పేనారు. ఒక కొస, మార్గశిరపు వానలకు గోడ అంచుదాకా చేరిన ఎగువ నీళ్లలో ముంచి, గోడ మీదుగా దిగువకు వేలాడదీశారు. పూట గడిచేసరికి తాడు కొస నుంచి చుక్కలు రాలాయి.

గురప్ప పరుగున వచ్చాడు. "గోడకు తాళ్లు కడతా ఉండారంటనే! ఎవుర్నడిగి?"

"మిమ్మల్నే సామీ. సంకన పెట్టుకొని దాటించమంటిరి. సంక సాల్లేదు, తాడేస్తిని."

"తాడెంబడి నా నీళ్లన్నీ కారిపోతాయి!"

"ఆ కారే నీళ్లతో మీ దూడ నాలిక కూడా తడవదు. కావాలంటే తోలుకొని రండి, కట్టేసి సూద్దాం."

ఆదిమూలం ఫక్కున నవ్వాడు. గురప్ప అతని వైపు తిరిగాడు. "నవ్వుతా ఉండావా? పీకి పారెయ్యప్పా వాటిని!"

అప్పుడు ఆ లస్కరు చెప్పిన జవాబు ఏ న్యాయశాస్త్ర గ్రంథంలోనైనా చేర్చదగినది. "తలుపు సంగతి నాకు పైవాళ్లు సెప్పినారన్నా. తాడు సంగతి ఎవురూ సెప్పలేదు. సెప్పని పని నేనెట్ల సేసేది?"

మొదటి తాళ్లు నెలలోపే కుళ్లి తెగాయి. రెండోసారి వేసినవాటి మీద ఎక్కుతున్న పిల్లలను కొంగలు తీరుబడిగా నిలబడి తిన్నాయి. ఒకసారి ఎవరో రాత్రికి రాత్రి కోసేశారు. ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు, తెల్లవారి మళ్లీ పేనారు. ఆపైన తాటాకుతో గొట్టంలా అల్లి తాడును అందులో పెట్టారు. కొంగలు వెళ్లిపోయాయి. ఆ గొట్టంలోంచి మొదటి పిల్ల ఎగువ నీళ్లలోకి జారిన క్షణాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. చూడలేదు గనుక అది జరిగిందని నమ్మి పని చేయవలసి వచ్చింది.

కార్తీకంలో నీరు గోడ మీదుగా పొర్లని ఏడాదుల్లో వెండి మలుగులను దింపే పని మానలేదు. కుండ నిండా వాగునీళ్లు, తడి చేతులు, తడి గుడ్డ. పసుపు లేదు. దాని మీద పాళెంలో పెద్ద గొడవే అయింది.

"పసుపు లేకుండా పంపితే అది ముండమోపి ప్రయాణం," అన్నది ఆ ముసలామె.

"నీ పసుపును నేనొద్దనలేదు పెద్దమ్మా. గడపకు పూస్తాం గదా? ఇదో, గడప," అని నాగులమ్మ గోడ చూపించింది.

అప్పటినుంచి ప్రతి కార్తీకంలోనూ ఎర్రవాగు ఆనకట్టకు పసుపు పూస్తారు. అది ఏ దేవత గుడి అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు.

ఎగువ మడుగుల్లో మళ్లీ సంతానం నిలిచేవరకు మలుగును తినకూడదని పాళెం ఒట్టు వేసుకుంది. అయితే ఒక మినహాయింపు పెట్టుకున్నారు: బాలింతకు తప్ప. ఆ మాట చేర్చింది నాగులమ్మే. బాలింత పులుసు కుండ ముందు ఆమె ధైర్యం ఆగిపోయింది. ప్రసూనాంబ ఒకసారి నెమ్మదిగా అడిగారు, పాళెంలో ఏటా కాన్పులు ఎన్ని, మడుగులో మలుగులు ఎన్ని అని. నాగులమ్మ మాట మార్చింది. మినహాయింపు ఎంత చిన్నదైనా చట్టం మొత్తం దానిలోంచి జారిపోగలదని మాకు మొదటి ఏడాదే చెబుతారు. ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. గోడలో ఊట ఎంత సందునుంచి వస్తుందో ఆమె చూసింది.

ఎనభై ఐదులో కూతురు కుప్పమ్మ కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆశ్వయుజం మొదట్లో ఆడపిల్ల పుట్టింది. బిడ్డ గట్టిగానే ఉంది, తల్లికి పాలు పడలేదు. పక్క గుడిసె బాలింత తన బిడ్డతోపాటు ఈ బిడ్డకూ పాలిస్తోంది. కుప్పమ్మ అత్త వరదమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏం వదినా, ఊరి సేపలన్నిటికీ పురుళ్లు పోసినావంట. నా కోడలికి రోంత పులుసు పొయ్యలేవా?"

ఆ ఉదయమే నేను శిబిరం పని మీద పాళెం వచ్చి ఉన్నాను. నాగులమ్మ బిడ్డకు నలుగు పెట్టేందుకు పసుపు నూరుతోంది. అంతలో సుబ్బన్న కుండ నెత్తిన పెట్టుకుని, ముఖమంతా నవ్వుతో వచ్చాడు. కుండ దించి మూత తీశాడు. ముంజేయి లావు మలుగు, చుట్ట చుట్టుకుని ఉంది. రెండు మూడేళ్లుగా ఎగువ మడుగులో అటువంటిది ఎవరూ చూడలేదు.

"మన తాడెక్కి వచ్చిందే మేయ్! దానికి నువ్వు మేనత్తవి. మన కుప్ప తినకుంటే ఎవురు తింటారు?"

వరదమ్మ లేచి నిలబడింది. "అబ్బ! ఇంక పాలకేం తక్కువ! పొయ్యి ముట్టించు వదినా."

చుట్టుపక్కల ఆడవాళ్లు గుమిగూడారు. ఒట్టు తప్పడం కాదిది; మినహాయింపు ఉంది, అది ఆమె పెట్టినదే. ఎవరూ ఆమెను వేలెత్తి చూపరు. నాగులమ్మ కుండలోకి వంగి చూసింది. చేప కదిలినప్పుడు కడుపు తెల్లగా మెరిసింది. వెండి తిరుగుతోంది. రాబోయే కార్తీకానికి బయలుదేరవలసిన మలుగు.

లోపల నుంచి కుప్పమ్మ పిలిచింది. "మా, తెచ్చినాడా నాయన?"

"తెచ్చినాడు."

"వండుతా ఉండావా?"

నాగులమ్మ గుడిసెలోకి వెళ్లింది. మేము బయటనుంచి విన్నాం.

"కుప్పా, సొర ఎండుసేప తెప్పిస్తా సూళ్లూరుపేట నుంచి. సముద్రపు ఒడ్డు ఆడోళ్లకు దాంతోనే పాలు పడతాయంట. మునగాకు పెడతా. అంతదాకా పక్కామె సూస్తాది బిడ్డను."

చాప మీద కుప్పమ్మ అటు తిరిగిన చప్పుడైంది.

"నీకు నాకంటే ఆ సేపే జాస్తి," అన్నది కుప్పమ్మ.

"నిండు కడుపుతో బస్సెక్కి నా దగ్గరికి వస్తివే, దోవలో ఎవురన్నా నిన్ను పట్టుకొని ఇది నా కూతురి పులుసుకు అని ఉంటే, నేనేమైపోయేదాన్ని?"

"అది సేప, మా."

"సేపే. దానికి తల్లి రాదంట కుప్పా. పోతే పోవడమే. పిలకాయలు వస్తాయి. ఇదొకటి పోతేనే వస్తాయి."

కుప్పమ్మ ఏడ్చింది. నాగులమ్మ ఓదార్చలేదు, వాదించలేదు. కూతురు ఏడుపు ఆపేదాకా పక్కన కూర్చుంది. తరువాత కుప్పమ్మ గొంతు కోపంగానే వినిపించింది. "సొర పులుసు ఉప్పగా సెయ్యొద్దు."

నాగులమ్మ బయటకు వచ్చింది. పసుపు అంటిన చేతులను బానలోని నీళ్లతో కడుక్కుంది. మళ్లీ కడిగి, ఇసుకతో తోమి, గోళ్ల సందులు చూసుకుని మళ్లీ కడిగింది. వరదమ్మ ఆ చేతులను చూసి మళ్లీ గుమ్మంలో కూర్చుంది. సుబ్బన్న కుండను ఆమె దగ్గరికి జరిపాడు.

"బాలింతకు తప్ప అని సెప్పింది నేను," అన్నది నాగులమ్మ గుమిగూడిన ఆడవాళ్లతో. "ఆ మాట నా ఇంట్లోనే తీసేస్తా ఉండాను. ఈ పాళెంలో ఇంక ఏ కాన్పుకూ మలుగు లేదు. ఎవురికన్నా కోపముంటే నా కూతురి మొగం సూసి మాట్లాడండి."

తడి చేతులతో కుండ ఎత్తుకుని వాగు వైపు నడిచింది. దిగువ గుంటకే పోతుందని నేను అనుకున్నాను. ఆమె ఎగువ మడుగులోకి దిగి కుండ వంచింది. దింపే అవసరం వస్తే కార్తీకంలో చూసుకుంటామనీ, బయలుదేరే రోజు ఏదో దానికే వదిలేయాలనీ చెప్పి, ఖాళీ కుండతో ఇంటికి తిరిగింది.